విరేచనాలప్పుడు ఉత్తి నీళ్ళు సరిపోవా?

“విరేచనాలవుతుంటే ఉత్తి నీళ్ళు తాగితే సరిపోదా, ఉప్పూ చక్కెరా ఎందుకు?” అని అడిగారు. సరిపోదండీ. మా చెల్లెలి కొడుకు విషయంలో కళ్ళారా చూశాను.

నాలుగేళ్ళ కిందట, మే నెల, ఖమ్మం పక్కన మా ఊరు. వాడికప్పుడు మూడేళ్ళు. తెల్లవారుజాము నుంచి నీళ్ళ విరేచనాలు. మా మరిది మందుల షాపుకెళ్ళి ఓఆర్‌ఎస్ (విరేచనాలప్పుడు తాగించే ఉప్పు, చక్కెర నీళ్ళు) అని రాసున్న ఆపిల్ రుచి డబ్బాలు తెచ్చాడు. తియ్యగా ఉన్నాయని పిల్లాడు రెండు తాగేశాడు. మధ్యాహ్నానికి విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. కళ్ళు పీక్కుపోయాయి, ఏడిస్తే కన్నీళ్ళు రావట్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఎత్తుకెళ్తే నర్సమ్మ డబ్బా చూసి, “ఇది ఓఆర్‌ఎస్ కాదమ్మా, పానకం” అంది.

నీళ్ళను పనిగట్టుకుని లోపలికి తోడుకునే ఏర్పాటు పేగు కణాల పొరకి లేదు. ఆ పొరలో ఒక ప్రోటీన్ ఉంది. ఉప్పులోని సోడియం అయాన్లు రెండు, గ్లూకోజ్ అనే చక్కెర అణువు ఒకటి కలిసొస్తే వాటిని లోపలికి చేరవేస్తుంది. వాటి వెంట నీళ్ళూ పోతాయి. 1960లో ప్రాగ్‌లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త చెప్పిన సంగతి ఇది. కలరాలో పేగుల్లోంచి నీళ్ళు ధారగా పోతున్నా ఈ దారి మూసుకుపోదు. చక్కెర మరీ ఎక్కువైతే మాత్రం, లోపలికి పోగా మిగిలింది పేగులోనే ఉండి ఒంట్లో నీళ్ళను తనవైపు లాక్కుంటుంది. మా వాడికి జరిగింది అదే. అసలు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌లో లీటరు నీళ్ళకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, కాస్త పొటాషియం క్లోరైడ్, సిట్రేట్, అంతే. ఆ డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాట తీయించడానికి హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ కేంద్ర ఆహార భద్రతా సంస్థ దాన్ని పూర్తిగా నిషేధించలేదు. అన్నాళ్ళు ఎందుకు అమ్మనిచ్చారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంకో బాధ, మనవాళ్ళకి సెలైన్ ఎక్కిస్తే గానీ వైద్యం చేసినట్టుండదు. పిల్లాడు మత్తుగా వాలిపోతే సెలైనే దిక్కు, కాదనను. తాగగలిగినవాడికి సూది ఎందుకు? 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ చాలకపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజ్ నీళ్ళే తాగించి ఎంతోమందిని బతికించారు.

ఆ రోజు మా చెల్లీ సెలైన్ పెట్టమనే ఏడ్చింది. నర్సమ్మ ఒప్పుకోలేదు. లీటరు నీళ్ళలో ప్యాకెట్ కలిపి చెంచా నా చేతికిచ్చింది. రెండు నిమిషాలకో చెంచా, వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ. సాయంత్రం ఆరున్నరకి వాడు నా ఒళ్ళోనే ఉచ్చ పోశాడు. నర్సమ్మ వచ్చి తడిసిన నా చీర చూసి, “వచ్చిందా? ఇంక భయం లేదు” అంది.