పాత మారుతి 800లో ముందు వైపు చప్పుడు: షాక్ అబ్జార్బర్లు మార్చే ముందు చూడవలసినవి

మీ 1996 మోడల్ మారుతి 800 స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు ముందు ఎడమ వైపు నుంచి టక్కుమని చప్పుడు చేస్తోందని, గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు లాగుతోందని, మెకానిక్ నాలుగు షాక్ అబ్జార్బర్లూ మార్చాలంటున్నాడని రాశారు. ఆ డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక ఆదివారం ఉదయం కారు కింద మీరే చూసుకోవడం మంచిది. మా నాన్నగారు కొన్న 1994 మోడల్ 800ను నేను ఇప్పటికీ నడుపుతున్నాను. కొన్నేళ్ల కిందట సరిగ్గా ఈ రెండు లక్షణాలే కనిపిస్తే, ముందు షాకులు మార్పించాను. చప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు. అసలు లోపం రెండు ముందు చక్రాలనూ అడ్డంగా కలిపే ఇనుప కడ్డీ, అంటే స్టెబిలైజర్ బార్, చివర ఉండే రబ్బరు బుష్‌లలో (కుదుపును తట్టే రబ్బరు దిమ్మెలలో) ఉందని ఆ తరువాత తెలిసింది.

ఈ కారు ముందు చక్రాలకు మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లు, అంటే షాక్ అబ్జార్బరూ దాని చుట్టూ స్ప్రింగూ ఒకటిగా ఉన్న నిలువు భాగాలు, ఉంటాయి. చక్రాన్ని కింద పట్టి ఉంచేది ఒక్క సన్నని లోయర్ ఆర్మ్. అడ్డంగా అమర్చిన ఆ ఆర్మ్ చక్రం లోపలికీ బయటికీ జరగకుండా చూడగలదు గానీ, ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపలేదు. ఆ బాధ్యతను స్టెబిలైజర్ బార్ మోస్తుంది. మలుపుల్లో కారు ఒరగకుండా చూడడం దాని పని అని అందరూ అనుకుంటారు, అదీ నిజమే. కానీ 800లో బార్ కొన లోయర్ ఆర్మ్‌లోని రంధ్రంలోంచి వచ్చి, అటూ ఇటూ రబ్బరు బుష్‌లతో, వాషర్లతో, ఒక నట్టుతో బిగిసి ఉంటుంది కాబట్టి, బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి పోకుండా పట్టేది కూడా అదే. ఒక వైపు బుష్ అరిగిపోతే ఆ చక్రం కొద్దిగా వెనక్కి జరిగి, స్టీరింగు పక్కకు లాగుతుంది. గుంతలో పడినప్పుడు ఇనుము ఇనుముకు తగిలి చప్పుడు వస్తుంది. మీరు రాసిన రెండు బాధలకూ మూలం ఒకటే కావచ్చునని నాకు అనిపించడానికి కారణం ఇదే. అయితే టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా లేకపోయినా, బ్రేకు క్యాలిపర్ ఒక వైపు పట్టేసినా కారు లాగుతుంది గనుక, ముందు ఆ రెండూ చూసి పక్కన పెట్టండి.

చదునైన గట్టి నేల మీద కారు నిలిపి, వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి తప్పనిసరిగా స్టాండ్ల మీద ఉంచండి. కారు బరువు దాదాపు 650 కిలోలే కదా అని ఒక్క జాకీని నమ్ముకుని దాని కిందికి దూరవద్దు.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట (వదులు కదలిక) కనిపిస్తే అది వీల్ బేరింగ్‌దో, లోయర్ ఆర్మ్‌ను చక్రానికి కలిపే బంతి కీలు అయిన బాల్ జాయింట్‌దో తేల్చడానికి, లోపల కూర్చున్న మనిషిని బ్రేకు నొక్కి పట్టమనండి. ఆట మాయమైతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్ అని అనుమానించాలి. చక్రం గాలిలో ఉండగానే టైరు కింద పొడవైన కడ్డీ పెట్టి పైకి ఎత్తి చూస్తే, అరిగిన బాల్ జాయింట్ చేతికి తెలిసిపోతుంది. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు ఆట ఉంటే, స్టీరింగు రాక్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివరి కీలైన టై రాడ్ ఎండ్‌ను, తరువాత ఆ రాక్‌ను చూడాలి. ఇక బుష్‌ల దగ్గర పెద్ద స్క్రూడ్రైవర్‌ను ఆర్మ్‌కూ బార్‌కూ మధ్య పెట్టి మెల్లగా తిప్పండి. మంచి రబ్బరు కొద్దిగా లొంగి వెనక్కి వస్తుంది. పాడైనది పగుళ్లు తేలి, వాషర్ అంచున నలిగి, ఒక్కోసారి ఉప్పులో ఊరిన మామిడికాయ ముక్కలా మెత్తబడి ఉంటుంది. అలా మెత్తబడడానికి చాలా వరకు మనమే కారణం: నీళ్లతో కడిగిన తరువాత అడుగున డీజిలో, వాడేసిన ఇంజన్ ఆయిలో కొట్టించే అలవాటు తుప్పును ఆపుతుందేమో గానీ రబ్బరును తినేస్తుంది.

స్ట్రట్ పైభాగాన్ని మరిచిపోవద్దు. చక్రాలు నేల మీద ఉండగా ఎవరినైనా స్టీరింగు తిప్పమని, స్ప్రింగ్ మీద చెయ్యి ఆనించి ఉంచండి. అది మెలిపడి ఒక్కసారిగా వదులుతున్నట్లు తెలిస్తే పైనున్న మౌంట్ బేరింగ్ పట్టేసిందని అర్థం. బానెట్ ఎత్తి, మౌంట్ బిగించిన రేకు చుట్టూ తుప్పు ఉందేమో కూడా చూడండి. అక్కడ రేకు బలహీనపడి ఉంటే ఏ కొత్త భాగమూ ఉపయోగపడదు, ముందు వెల్డింగ్ పని చేయించాలి. షాకుల విషయానికి వస్తే, కారు మూలను నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కపెట్టే పరీక్ష మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. స్ట్రట్ ఒంటి మీద నూనె కారిన తడి కనిపిస్తే మాత్రం సందేహం అక్కరలేదు.

భాగాలు దొరకడం కష్టం కాదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి వరకు తయారైన కారు కనుక విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇప్పటికీ అన్నీ ఉంటాయి. కానీ మధ్యలో కారు మారింది. మొదటి మోడల్‌కు వెనక పట్టీ స్ప్రింగులు ఉండేవి, తరువాతి దానికి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. కాబట్టి తయారైన సంవత్సరం చెప్పి, పాత బుష్‌ను చేతిలో పట్టుకుని వెళ్లి పోల్చి కొనండి. లోయర్ ఆర్మ్‌ను నేను బుష్, బాల్ జాయింట్ అమర్చి ఉన్నదే కొన్నాను. పాత ఆర్మ్‌లోంచి బుష్‌ను సుత్తితో బాది తీసి కొత్తది ఎక్కించడం కంటే అదే నయం. ఎడమ వైపే చప్పుడు ఉన్నా రెండు వైపులా మార్చండి.

విప్పే ముందు రోజు రాత్రే అన్ని నట్ల మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, మర్నాడు సగం శ్రమ తగ్గుతుంది. టై రాడ్ ఎండ్ తీయవలసి వస్తే, స్టడ్ మీద కొట్టకుండా దాన్ని పట్టి ఉంచే కన్ను పక్కన సుత్తితో రెండు దెబ్బలు వేస్తే అది వదులుతుంది. ఎన్ని చుట్లు తిప్పితే ఊడిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించి, స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి. ఆర్మ్ విప్పాక చక్రం బరువు బ్రేకు గొట్టం మీద వేలాడకుండా తీగతో కట్టి ఉంచండి. కొత్త రబ్బరు ఎక్కకపోతే సబ్బు నీళ్లు రాయండి, గ్రీజు వద్దు.

నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. ఆర్మ్ లోపలి చివర బోల్టును చక్రాలు గాలిలో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశాను. ఆ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికి అంటుకుని ఉంటుంది కనుక, ఏ స్థితిలో బిగిస్తే అదే దానికి విశ్రాంతి స్థితి అవుతుంది. కారు నేల మీదికి దిగగానే అది మెలిపడి, నడిచినంత సేపూ అలాగే ఉంటుంది. కారు ముందు భాగం కొంచెం ఎత్తుగా నిలిచినా నేను పట్టించుకోలేదు. కొన్ని నెలలకే రబ్బరు చిరిగింది, మళ్లీ కొనవలసి వచ్చింది. అందువల్ల అన్నిటినీ చేతి బిగువు వరకే ఉంచి, కారును దించి, రెండు మూడు సార్లు నొక్కి వదిలి, చక్రాల మీద బరువు ఉండగానే చివరి బిగింపు ఇవ్వండి. స్టెబిలైజర్ బార్ నట్లకూ నేను ఇప్పుడు అదే పద్ధతి పాటిస్తున్నాను.

నిజంగా స్ట్రట్‌లే పోయాయని తేలితే, వాటిని ఇంట్లో విప్పవద్దు. నొక్కి ఉంచిన స్ప్రింగ్ జారితే మనిషి ప్రాణానికే ప్రమాదం. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు) ఉన్న షాపులో ఎదురుగా నిలబడి చేయించుకోండి. వెనక షాకులను లీకు లేకుంటే కదిలించనక్కరలేదు, వాటి బుష్‌లు మాత్రం ఒకసారి చూడండి. ఆర్మ్‌గానీ, టై రాడ్ ఎండ్‌గానీ, స్ట్రట్‌గానీ విప్పితే వీల్ అలైన్‌మెంట్ తప్పదు. దానికి వెళ్లే ముందు ఒకటి రెండు రోజులు కారు నడిపి, నట్లన్నిటినీ మరోసారి బిగించి చూసుకుని వెళ్లండి.