సమాధానం: 95 దాటితే ట్రైలర్ ఊగుతోంది, ఎంత వేగంలో వెళ్లాలి?

ప్రస్తుతానికి గంటకు 80 కిలోమీటర్లు దాటకండి. 95 దగ్గర ఊగుతోందంటే 90 కూడా అంచు మీద నడకే. పక్కనుంచి లారీ దూసుకెళ్తే వచ్చే గాలి చాలు, అక్కడే మొదలవుతుంది.

అయితే అసలు లోపం వేగంలో కాదు, సామాను సర్దడంలో ఉండొచ్చు. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారుకూ ట్రైలర్‌కూ మధ్య కొక్కెం) మీద పడాలి. 2,500 కిలోలైతే 250 నుంచి 375. వెనక బరువెక్కువైతే ముందు తేలికై, తోక ఊపడం మొదలుపెడుతుంది. బరువైనవి ట్రైలర్ ఇరుసుకు కాస్త ముందుగా, కింద పెట్టండి. హిచ్‌కూ కారు వెనక ఇరుసుకూ ఉన్న పరిమితులు మాత్రం దాటకూడదు.

ట్రైలర్ టైరు పక్కగోడ మీద వేగాన్ని సూచించే అక్షరం చూడండి: జె అయితే 100, ఎల్ అయితే 120. అది టైరు హద్దు, మీ లక్ష్యం కాదు. టైర్లలో గాలిని అవి చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

వేగం 80 నుంచి 100కి పెరిగితే ఆపాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అందుకే పల్లం మొదలవకముందే గేరు తగ్గించండి.

ఊగితే కారు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్‌తో సరిచేయబోవద్దు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ట్రైలర్‌కు విడిగా ఎలక్ట్రిక్ బ్రేకులుంటే వాటిని మాత్రమే మెల్లగా వేయండి.