బాబు విరేచనాలకు మొదట ఇవ్వాల్సినవి ఓఆర్ఎస్, జింకు

అమ్మా, అనంతపురం ఎండల్లో మీ 14 నెలల బాబుకు రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు అవుతున్నాయనీ, అత్తగారు పాలు మాన్పించమంటున్నారనీ, మందుల దుకాణంలో యాంటీబయాటిక్ ఇచ్చారనీ రాశారు. రక్తం, జ్వరం లేవన్నారు కనుక ఇది వైరస్ వల్ల వచ్చినదే కావచ్చు. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు, విరేచనాలు కట్టే మందు ఈ వయసులో అసలే వద్దు.

బిడ్డకు అసలు ప్రమాదం ఒంట్లోంచి పోయే నీరు, లవణాల వల్ల. వాటిని భర్తీ చేసేదే ఓఆర్ఎస్, అంటే నీళ్లలో కలిపి తాగించే లవణాలు, గ్లూకోజు పొడి. పొట్లం మీద ఒక లీటరుకు అని ఉంటే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పొట్లం మొత్తాన్నీ ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు చొప్పున వేసుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. విరేచనమైన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో పట్టండి, కక్కితే పది నిమిషాలు ఆగి మరింత నెమ్మదిగా మొదలుపెట్టండి, కలిపి 24 గంటలు దాటితే మిగిలినది పారబోయండి. జింకు రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా సరే, 14 రోజులూ ఇవ్వాలి.

తల్లిపాలు మాన్పించవద్దు. మెత్తని పెరుగన్నం, రాగిజావ కూడా పెట్టవచ్చు; అత్తగారికి ఇది నచ్చుతుందనుకుంటాను.

పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదలండి. అది వెంటనే సర్దుకోకపోయినా, కళ్లు లోతుకు పోయినా, బాబు తాగలేక మగతగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, తెల్లవారేదాకా ఆగకుండా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి తీసుకువెళ్లండి. తాగగలిగితే దారిలోనూ ఓఆర్ఎస్ పడుతూ ఉండండి.