4294967297 ప్రధాన సంఖ్యేనా? బేస్ 2 ఎందుకు మోసపోతుంది?

పైథాన్‌లో ఫెర్మా పరీక్ష ఈ సంఖ్యను "ప్రధానం కావచ్చు" అంటోంది, కాలిక్యులేటర్‌లో చూస్తే మాత్రం 641తో నిశ్శేషంగా పోతోంది, ఏది నమ్మాలని మీ ప్రశ్న. కాలిక్యులేటర్‌నే నమ్మండి. 4294967297 = 641 × 6700417.

ఫెర్మా పరీక్షలో బేస్ అనే ఒక చిన్న సంఖ్యను, పరీక్షించే సంఖ్యలోంచి 1 తీసేసినంత ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతోనే భాగిస్తాం. శేషం 1 వస్తే "ప్రధానం కావచ్చు" అంటుంది. చిక్కంతా మీరు బేస్‌గా 2 తీసుకోవడంలో ఉంది. మన సంఖ్య 2³² + 1. దీనితో భాగిస్తే 2³²కి శేషం −1, కాబట్టి 2⁶⁴కి శేషం 1. ఫెర్మా పరీక్షలో ఘాతం, సంఖ్యలోంచి 1 తీసేయగా మిగిలే 2³². అది 64కి గుణిజం కనుక శేషం 1 రాక తప్పదు. మిల్లర్-రాబిన్ అనే ఇంకా కఠినమైన పరీక్షకి మారినా, బేస్ 2నే ఉంచితే ఇదే బోల్తా. బేస్ 3 పెట్టండి. 3ని వరసగా 31 సార్లు వర్గం చేస్తూ, ప్రతిసారీ శేషం మాత్రమే ఉంచుకోండి. ప్రధానమైతే చివర్లో −1, అంటే 4294967296 రావాలి. వచ్చేది 10324303.

ఇలా 2ని 1, 2, 4, 8, 16, 32... ఘాతాలకు పెంచి 1 కలిపితే వచ్చే సంఖ్యలన్నీ ప్రధానాలేనని 1640లో ఫెర్మా అనుకున్నాడు, 1732లో ఆయిలర్ 641ని చూపించాడు. కాగితం మీద వెతకడం కూడా పెద్ద పని కాదు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, 128 గుణిజం కన్నా 1 ఎక్కువగానే ఉంటుంది. అంటే 129, 257, 385, 513, 641... వీటిలో ప్రధానాలు 257, 641 మాత్రమే. 257తో భాగిస్తే శేషం 2. రెండో ప్రయత్నానికే దొరికిపోతుంది!

6700417 కూడా విడిపోతుందేమోనన్న సందేహం ఇదే పద్ధతితో తీరుతుంది. దాని వర్గమూలం 2588 దాటి కాస్తంతే. ఆ లోపు ఈ రూపంలో ఉన్న ప్రధానాలు 257, 641, 769, 1153, 1409. ఒక్కదానితోనూ పోదు. కాబట్టి భాజకాలు మొత్తం నాలుగే.

నాకు అన్నిటికన్నా నచ్చే గుణం వేరే ఉంది. ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రెండు రకాలుగా రాయొచ్చు: 65536² + 1², 62264² + 20449². ఒక ప్రధాన సంఖ్యకు ఇది సాధ్యం కాదు. పైగా కారణాంకాలు ఇందులోంచే వస్తాయి. 65536 − 62264 = 3272, 20449 − 1 = 20448, వీటి గ.సా.భా. 8. కూడితే వచ్చే 127800, 20450ల గ.సా.భా. 50. వాటిలో సగాలు 4, 25. 4² + 25² = 641.

ఇదే ప్రోగ్రామ్‌ను సీ (C) భాషలో రాస్తే జాగ్రత్త. 32 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో ఈ సంఖ్య 1గా మారిపోతుంది. 64 బిట్లు తీసుకున్నా చాలదు. బేస్ 2తో ఆరోసారి వర్గం చేసినప్పుడు సరిగ్గా 2⁶⁴ వచ్చి, సున్నాగా మిగులుతుంది. రెండు సందర్భాల్లోనూ ప్రోగ్రామ్ "ప్రధానం కాదు" అనే చెబుతుంది. జవాబు ఒప్పే, లెక్క తప్పు. గుణకారానికి 128 బిట్ల రకం వాడండి.