ముక్కులోకి నీళ్లు పోయాయన్న భయం రెండు నెలలైనా వదలట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 33. రెండు నెలల క్రితం మా పాపతో కలిసి ఈత కొలనులో దిగినప్పుడు ముక్కులోకి నీళ్లు పోయాయి. నాలుగు రోజుల తర్వాత మెదడును తినే అమీబా గురించి ఒక వార్త చదివాను. అప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు. కాస్త తలనొప్పి వచ్చినా అదేనేమోనని గుండె దడ. రోజూ ఐదారుసార్లు టెంపరేచర్ చూసుకుంటున్నాను. మెడ బిగుసుకుందేమోనని గడ్డం ఛాతీకి ఆనించి చూసుకుంటున్నాను. వాసన తెలియకపోవడం కూడా లక్షణమేనని చదివి, పొద్దున లేవగానే సబ్బు వాసన చూస్తున్నాను. ముగ్గురు డాక్టర్లను కలిశాను. రక్త పరీక్షలు, ఎంఆర్‌ఐ అన్నీ నార్మల్ అన్నారు. రెండు రోజులు బాగుంటాను, మళ్లీ మొదలు. తలస్నానం చేయాలన్నా భయమే. మావారు 'అంతా నీ ఊహ' అని విసుక్కుంటున్నారు. పాపను ఈత క్లాసు మాన్పించాను. తప్పు చేశానా? నాకు నిజంగా ఏమైనా ఉందా, లేక పిచ్చి పడుతోందా?
- ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి సూటిగానే చెబుతున్నాను. ఆ అమీబా జబ్బు మీకు లేదు. మీకు పిచ్చీ పట్టడం లేదు. మీకున్నది వేరే సమస్య. దానికి పేరుంది, మంచి చికిత్సా ఉంది.

ముందు అమీబా సంగతి చూద్దాం. దాని పేరు నెగ్లేరియా ఫౌలరీ. 1965లో ఆస్ట్రేలియాలో ఫౌలర్, కార్టర్ అనే ఇద్దరు నిపుణులు ఈ జబ్బును తొలిసారి వివరించారు. ఫౌలర్ పేరే ఆ అమీబాకు పెట్టారు. ఇది వెచ్చని మంచినీటిలో బతుకుతుంది. ఆ నీరు ముక్కులో బాగా పైకి వెళ్తే, వాసన తెలిపే నరాల వెంట మెదడును చేరగలదు. నీళ్లు తాగితే రాదు. ఒకరి నుంచి మరొకరికి అంటుకోదు. సముద్రపు ఉప్పునీటిలో బతకదు. సరిపడా క్లోరిన్ కలిపి శుభ్రంగా ఉంచే కొలనులోనూ బతకలేదు.

మీ విషయంలో ముఖ్యమైనది కాలం. ఈ జబ్బు రావాల్సి ఉంటే నీళ్లు ముక్కులోకి పోయిన 1 నుంచి 12 రోజుల్లోపు లక్షణాలు మొదలవుతాయి, ఎక్కువ మందిలో ఐదో రోజు ప్రాంతంలో. మొదలయ్యాక అది ఆగి ఆగి రాదు. తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, ఆ వెంటనే మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, ఫిట్స్.. రోజుల్లోనే మనిషి పరిస్థితి పూర్తిగా దిగజారిపోతుంది. అలాంటి జబ్బు రెండు నెలలపాటు ఒక రోజు కనిపించి మర్నాడు మాయమవదు. సెలవురోజు హాయిగా ఉండి, రాత్రి ఫోన్ పట్టుకోగానే తిరిగి రాదు.

ఎంత అరుదో కూడా చెబుతాను. అమెరికాలో 1962 నుంచి 2023 వరకు, అంటే 62 ఏళ్లలో, నమోదైన కేసులు 164. ఏటా కోట్ల మంది చెరువుల్లో, నదుల్లో, సరస్సుల్లో ఈత కొట్టే దేశం అది. అంత అరుదు కాబట్టే ఒక్క కేసు వచ్చినా పెద్ద వార్త అవుతుంది. రోజూ వేలమందికి వచ్చే సాధారణ తలనొప్పి ఏ పత్రికలోనూ రాదు. మన మనసేమో కళ్లకు కట్టినట్టు గుర్తున్నదే తరచుగా జరుగుతుందని లెక్క వేసుకుంటుంది. మీరు ఆ వార్త చదివింది ముక్కులోకి నీళ్లు పోయిన నాలుగు రోజులకే. అందుకే అది మీ గురించే రాసినట్టు అనిపించింది.

ఈ పేరా చదివాక మీకు కాస్త ఊరట కలిగి ఉంటుంది. రేపో ఎల్లుండో 'డాక్టర్ గారు 12 రోజులన్నారు, కానీ ఒకవేళ..' అని లోపల ఒక గొంతు మొదలవుతుందని కూడా నాకు తెలుసు. ముగ్గురు డాక్టర్లు చెప్పినా నిలవని ధైర్యం నాలుగో డాక్టర్ చెబితే నిలుస్తుందని నేననుకోవడం లేదు. మీకు సమాచారం కొరత లేదు. మీరు మళ్లీ మళ్లీ చూసుకోవడం, అడగడం, వెతకడం, అవే భయానికి తిండి పెడుతున్నాయి.

నా ఓపీకి ఒకాయన వచ్చారు. దవడ కింద చిన్న గడ్డ ఉందని, అది క్యాన్సరేనని ఆయన నమ్మకం. అప్పటికే అన్ని పరీక్షలూ అయ్యాయి, అది మామూలు లింఫ్ గ్రంథి. మాట్లాడుతుండగా గమనించాను. ఎడమచేతి బొటనవేలు దానంతటదే దవడ కిందకు వెళ్తోంది, నొక్కుతోంది, కిందకు దిగుతోంది, మళ్లీ వెళ్తోంది. అక్కడ చర్మం రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కందిపోయింది. పది నిమిషాల్లో పదకొండుసార్లు లెక్కపెట్టాను. 'ఇప్పుడు ఎన్నిసార్లు నొక్కారు?' అని అడిగితే 'ఒకటో రెండో' అన్నారు. అన్నిసార్లు నొక్కితే ఏ గ్రంథైనా వాస్తుంది, నొప్పి పెడుతుంది. నొప్పి ఉంది కాబట్టి జబ్బు ఉందని ఆయన ఇంకా గట్టిగా నమ్మారు. మూడు వారాలు చెయ్యి అక్కడికి పోకుండా చూసుకోమన్నాను. చాలా కష్టపడ్డారు. మూడో వారానికి గడ్డ సగానికి తగ్గింది.

మీ మెడ కథా ఇదే. గడ్డాన్ని రోజుకు ఇరవైసార్లు ఛాతీకి ఆనిస్తే మెడ వెనక కండరాలు పట్టేయక ఏం చేస్తాయి? టెంపరేచర్ విషయానికొస్తే, అది పొద్దున తక్కువగా, సాయంత్రానికి కాస్త ఎక్కువగా ఉండటం ప్రతి మనిషికీ సహజం. సాయంత్రం 99 కనిపిస్తే అది జ్వరం కాదు. సాధారణంగా 100.4 దాటితేనే జ్వరం అంటాం. నిద్ర లేకపోయినా, రోజంతా దవడలు బిగపట్టినా తల చుట్టూ పట్టీ కట్టినట్టు నొప్పి వస్తుంది. భయం ఎక్కువైనప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి వస్తుంది, తల తేలిపోయినట్టు ఉంటుంది. ఇవన్నీ నిజమైన బాధలే. వాటికి మీరు చెబుతున్న కారణమే తప్పు.

అందుకే మీవారి మాటతో నేను ఏకీభవించను. ఇది ఊహ కాదు. దీన్ని హెల్త్ యాంగ్జైటీ అంటారు. ఇదివరకు హైపోకాండ్రియాసిస్ అనేవారు. అదేదో వేషం అన్నట్టు ఆ మాట వాడి చాలామందిని అవమానించారు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త వర్గీకరణలో దీన్ని ఓసీడీకి, అంటే వద్దనుకున్నా అదే అనుమానం వచ్చి అదే పని మళ్లీ మళ్లీ చేయించే సమస్యకు, దగ్గరి సమస్యల్లో చేర్చారు. ఎందుకో చూడండి. ఓసీడీ ఉన్న మనిషి తలుపు గడియ పెట్టానా లేదా అని పదిసార్లు చూసినట్టే మీరు థర్మామీటర్ చూస్తున్నారు. చూసిన నిమిషం శాంతి, పది నిమిషాలకు మళ్లీ అనుమానం. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక చేయాల్సినవి. అన్నీ ఒకేసారి మానేయమని చెప్పను, అది ఎవరివల్లా కాదు. ముందు థర్మామీటర్‌ను ఇంట్లో నుంచే తీసేయండి. మీవారికిచ్చి ఆఫీసులో పెట్టుకోమనండి. జ్వరం నిజంగా వస్తే అది లేకుండానే తెలుస్తుంది. ఒళ్లు కాలిపోతుంది, చలి వణికిస్తుంది. సబ్బు వాసన చూడటం రెండో వారం ఆపండి. మెడ వంచి చూడటం అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే దానికి పరికరం అక్కర్లేదు. అది చేయాలనిపించినప్పుడు 'చేయను' అనుకోకండి, 'పదిహేను నిమిషాల తర్వాత చేస్తా' అనుకోండి. గడియారం చూసి కూర్చోండి. ఆ కోరిక అలలా లేస్తుంది, మొదటి ఐదు నిమిషాలు ఊపిరాడనివ్వదు, తర్వాత దానంతటదే దిగుతుంది. దిగడం ఒకసారి మీ అనుభవంలోకి వస్తే, నేను వంద మాటలు చెప్పినా రాని నమ్మకం వస్తుంది. పదిహేను ఇరవై అవుతుంది, ఇరవై గంటవుతుంది.

ఫోన్ సంగతి. అమీబా లక్షణాలు, బతికినవాళ్ల కథలు, చనిపోయినవాళ్ల కథలు ఇక వెతకొద్దు. ఒక్కసారి వెతికితే ఫోన్ కూడా మీ భయాన్ని పసిగట్టి రోజూ అవే వీడియోలు ముందు పెడుతుంది. ఆ చరిత్ర చెరిపేయండి. అలాంటిది కనిపిస్తే 'ఇలాంటివి వద్దు' అని నొక్కండి. రాత్రి పడుకునే గదిలో ఫోన్ ఉండకూడదు. వెతకాలని మనసు ఎక్కువగా లాగేది నిద్ర పట్టని రాత్రివేళే.

భయపడటానికి సాయంత్రం ఒక సమయం పెట్టుకోమంటే మీకు వింతగా ఉండొచ్చు. కానీ ఇది పనిచేస్తుంది. ఆరు గంటల నుంచి ఆరూ ఇరవై దాకా కూర్చుని, ఒక నోట్‌బుక్‌లో భయాలన్నీ రాయండి. పగలు ఆలోచన వస్తే 'ఆరింటికి చూద్దాం' అని ఒక ముక్క రాసి పనిలోకి వెళ్లిపోండి. ఆరింటికి కూర్చునేసరికి వాటిలో సగం చప్పబడి ఉంటాయి.

తలస్నానాన్ని మాత్రం వాయిదా వేయకండి. భయం ఉన్న చోటి నుంచి తప్పుకున్న ప్రతిసారీ 'తప్పుకున్నాను కాబట్టే బతికాను' అని మనసు లెక్క రాసుకుంటుంది. మొదటి రోజు ముఖం మీద నీళ్లు పడకుండా, వెనక్కి వంగి జుట్టు మాత్రమే తడపండి. రెండు మూడు రోజులకు మామూలుగా నిలబడి చేయండి. ముఖం మీద నీళ్లు పడనివ్వండి. గుండె దడదడలాడుతుంది. ఆడనివ్వండి. వెంటనే బయటకు రాకుండా దడ తగ్గేదాకా ఉండి, అప్పుడు రండి.

మీవారికి కూడా ఈ జవాబు చదివించండి. రోజుకు ఇరవైసార్లు 'ఏం కాదులే' అనడం, చిరాకుతో అరవడం, రెండూ మీకు మేలు చేయవు. మీరు అడిగినప్పుడల్లా ఒకే మాట చెప్పేలా ఇద్దరూ ముందే అనుకోండి. 'ఇది నీ భయం అడుగుతున్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పనని మనం అనుకున్నాం. పద, నడుద్దాం.' అంతే. ఆ మాట ప్రేమగా చెప్పాలి. విసుగు కనిపిస్తే మీకు అవమానంగా ఉంటుంది, ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి.

డాక్టర్లు ముగ్గురు వద్దు, ఒక్కరే చాలు. మీకు నమ్మకమున్న ఒకరిని ఎంచుకుని నెలకోసారి ముందే తేదీ అనుకుని కలవండి. లక్షణం కనిపించగానే పరుగెత్తడం ఆపండి. మళ్లీ ఎంఆర్‌ఐ వద్దు. స్కాన్ ఇచ్చే ధైర్యం ఎక్కువ కాలం ఆగదు. పైగా ఏ హానీ లేని చిన్న మచ్చో, సైనస్ వాపో రిపోర్టులో కనిపిస్తే మీకు కొత్త భయం దొరుకుతుంది.

వీటికి తోడు సైకియాట్రిస్ట్‌ను గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ ఈ వారంలోనే కలవండి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుందని నిరూపితమైన చికిత్స. నేను పైన చెప్పినవన్నీ అందులోని ముక్కలే. పక్కన ఒక మనిషి ఉండి చేయిస్తే చాలా తేలిక. నిద్ర, తిండి, పని అన్నీ దెబ్బతింటున్నాయనిపిస్తే సైకియాట్రిస్ట్ ఆందోళనను తగ్గించే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు రాయొచ్చు. అవి అలవాటుపడే మత్తుమందులు కావు. పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మొదటి వారం కడుపులో కాస్త వికారంగా ఉండొచ్చు. సొంతంగా మొదలుపెట్టొద్దు, సొంతంగా ఆపొద్దు. నిద్రమాత్రలు ఎవరో ఇచ్చారని అస్సలు వేసుకోవద్దు. ఎప్పుడైనా 'ఈ బాధకన్నా చావు నయం' అనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి.

ఏ జాగ్రత్తా వద్దా అని మీరు అడగొచ్చు. సహేతుకమైన జాగ్రత్తలు రెండే. సైనస్ కోసమో, మరే కారణంతోనో ముక్కును నీళ్లతో కడుక్కునే అలవాటుంటే కనీసం ఒక నిమిషం మరిగించి చల్లార్చిన నీరు గానీ, డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. వేసవిలో వేడెక్కి నిలిచిపోయిన చెరువులో తల ముంచి దూకడం మానండి, దిగాల్సి వస్తే ముక్కు క్లిప్పు పెట్టుకోండి. అలాంటి నీటిలో దిగిన 12 రోజుల్లోపు ఎవరికైనా తీవ్ర తలనొప్పితో పాటు జ్వరం, వాంతులు వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, ఈత విషయం డాక్టర్‌కు చెప్పాలి. ఇంతకు మించి మీరు చేస్తున్నదంతా జాగ్రత్త కాదు, భయం చేయిస్తున్న చాకిరీ.

'నూటికి నూరు శాతం రాదని రాసివ్వండి' అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఏ జబ్బు విషయంలోనూ, ఎవరికీ అలా రాసివ్వలేను. రోడ్డు దాటేటప్పుడు కూడా ఆ హామీ మనకెవరూ ఇవ్వలేదు. అయినా రెండు పక్కలా చూసి దాటుతున్నాం. ఆ కొంచెం అనిశ్చితిని భరించే శక్తి మీలో ఉంది. ఈ రెండు నెలలుగా దాన్ని వాడనివ్వలేదంతే.

చివరగా పాప సంగతి. భయంలో ఉన్న ఏ తల్లయినా మీలాగే చేసేది, దానికి మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కానీ ఆ క్లాసులో మళ్లీ చేర్పించండి. నీళ్లలో క్లోరిన్ సరిగ్గా చూస్తున్నారా అని నిర్వాహకులను ఒక్కసారి అడగండి, రెండోసారి అడగొద్దు. పిల్లలు మన మాటలకన్నా మన ముఖం ఎక్కువ చదువుతారు. మొదటి రోజు మీరే తీసుకెళ్లి గట్టు మీద కూర్చోండి. ఫోన్ బ్యాగులో ఉండనివ్వండి. పాప తల ముంచి పైకి లేచి మీ వైపు చూసినప్పుడు, ముక్కు తుడవడానికి లేవకుండా చెయ్యి ఊపండి.