ఇంట్లో రమ్మీకి లేని గుండెదడ గోవాలో ఎందుకు?

ప్రశ్న: సంక్రాంతికి బావమరుదులతో పాయింటుకు రూపాయి చొప్పున రమ్మీ ఆడితే నాకేమీ అనిపించదు. మొన్న ఆఫీసు స్నేహితులతో గోవా వెళ్లి, మాండవి నది మీది క్యాసినో ఓడలో కూర్చోగానే గుండె దడదడలాడింది, అరచేతులకు చెమట పట్టింది. 20 వేలే ఆడదామనుకున్నాను, లక్షా పది వేలు పోయాయి. అందులో 90 వేలు క్రెడిట్ కార్డు మీద తీసిన క్యాష్. ఇంట్లో తెలియదు. మళ్లీ వెళ్దామంటున్నారు. ఈసారి ఎంత బడ్జెట్ పెట్టుకోమంటారు?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: అప్పు తీరేదాకా అసలు వెళ్లకండి.

ఆ దడ మీ ఒక్కరిదే కాదు. 1984లో అండర్సన్, బ్రౌన్ అనే పరిశోధకులు అలవాటుగా జూదమాడేవాళ్ల గుండె వేగాన్ని ప్రయోగశాలలోనూ, నిజమైన క్యాసినోలోనూ కొలిచారు. రెండుచోట్లా ఆట బ్లాక్‌జాక్ అనే పేకాటే. క్యాసినోలో గుండె వేగం బాగా పెరిగింది, ప్రయోగశాలలో అంత పెరగలేదు. అంటే పేకముక్కలతో పాటు చోటు కూడా మనిషిని ఊపేస్తుంది. సొంత డబ్బు, చుట్టూ జనం, లైట్లు, పక్క టేబుల్ దగ్గర కేకలు. పైగా చేతిలో నోట్ల బదులు చిప్స్ అనే బిళ్లలు ఉంటే పోతున్నది జీతం డబ్బని గుర్తుండదు. 20 వేలన్న లెక్క మీరు ఇంట్లో నింపాదిగా ఉన్నప్పుడు వేసుకున్నది. అర్ధరాత్రి, పోయింది రాబట్టాలన్న ఆవేశంలో ఆ లెక్క ఎవరికీ నిలవదు. అందుకే బడ్జెట్ అంకె చెప్పను.

ఇక ఆ 90 వేలు. కార్డు మీద క్యాష్ తీస్తే తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, సరుకులు కొన్నప్పటిలా గడువు ఉండదు. నెలకు 3 శాతమనుకున్నా 2,700 రూపాయలు వడ్డీకే పోతాయి. ఎఫ్‌డీ ఉంటే ఈ వారమే తీసి కట్టేయండి, లేదంటే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోండి. దాని వడ్డీ చాలా తక్కువ. తర్వాత బ్యాంకు యాప్‌లో కార్డు క్యాష్ విత్‌డ్రాయల్ ఆపేయండి. మీరే మళ్లీ ఆన్ చేసుకోగలరు కాబట్టి కార్డును మీ ఆవిడ దగ్గర ఉంచండి.

అలా ఉంచాలంటే ఆమెకు చెప్పక తప్పదు. నాకు అన్నిటికంటే దిగులుగా ఉన్నది దాని గురించే. దాచిన అప్పును గుట్టుగా తీర్చాలన్న తొందరే మనిషిని మళ్లీ ఆ టేబుల్ దగ్గరికి లాక్కెళ్తుంది. గోల్డ్ లోన్ కాగితాల దగ్గర ఆమెకు తెలియడం కంటే ముందే మీ నోటితో మీరే చెప్పండి. గొడవవుతుంది, అయినా చెప్పండి.

ఇంట్లో ఉన్నా ఆడాలన్న తహతహ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.