మధురవాడ కాలనీ కొత్త సెక్రటరీకి పెదనాన్న ఉత్తరం

అమ్మలూ,

మీ కాలనీ సంఘానికి నిన్ను సెక్రటరీని చేశారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. "ఎవరూ ముందుకు రాలేదట, దీన్ని కూర్చోబెట్టారు" అన్నాడు. సంఘాల్లో పదవులు ఎప్పుడూ అలాగే వస్తాయిలే. ఇక్కడ విశాఖలోనే మా మర్రిపాలెంలో నన్నూ అలాగే కూర్చోబెట్టారు. మీటింగుకి అరగంట ఆలస్యంగా వెళ్ళాను, వెళ్ళేసరికి కాగితం మీద నా పేరు రాసేసి ఉంది. లేవడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది.

మొదట ఏం చెయ్యాలని అడిగావు కదా. ఒక లావుపాటి నోట్‌బుక్ కొను. వాట్సాప్ గ్రూపుంది కదా పెదనాన్నా అంటావు. ఉంది. అందులో గుడ్ మార్నింగ్ పువ్వుల కింద, గృహప్రవేశం కార్డుల కింద, మొన్న పగిలిన పైపు ఫొటో ఎక్కడుందో వెతుకు చూద్దాం. పోర్టు ఆఫీసులో ముప్పయ్యేళ్ళు ఇన్‌వర్డ్ రిజిస్టరు రాసినవాణ్ణి కాబట్టి నాకు రిజిస్టర్ల పిచ్చి అనుకున్నా సరే. ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లు, బదిలీ అవుతారు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు మారతారు, కమిషనర్ల సంగతి చెప్పక్కర్లేదు. 2007లో గెలిచిన కౌన్సిల్ గడువు 2012లో అయిపోతే, మళ్ళీ 2021 దాకా విశాఖలో ఏ వార్డుకీ కార్పొరేటరే లేడు. ఆ తొమ్మిదేళ్ళూ వచ్చిన ప్రతి ఆఫీసరుకీ మా వీధి కథ మొదటినుంచీ మేమే చెప్పుకున్నాం. ఫలానా తేదీన ఫలానా ఇంటి ముందు అని చెప్పేవాడి మాట ఒకలా వింటారు. "చాలాకాలంగా ఇబ్బంది పడుతున్నామండీ" అనేవాడికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి పంపించేస్తారు.

నోట్‌బుక్కులో ఏం రాయాలో ఒక ఉదాహరణ చెప్తాను. మా వీధి చివరి ఇళ్ళకి కుళాయి నీళ్ళు సన్నగా వచ్చేవి. ఎండాకాలం కదా, రైవాడ రిజర్వాయర్లో నీళ్ళు తగ్గాయి, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్ అడుగంటింది, ఇవే సమాధానాలు. నిజమే కావచ్చు. కానీ వీధి మొదట్లో ఉన్నవాళ్ళకి అదే ఎండాకాలంలో బకెట్ పొంగుతోంది కదా! ఒకరోజు ఇంటింటికీ ఒకే కొలత బకెట్ పెట్టించి, వాచీ చూసి రాసుకున్నాం. మొదటి ఇంట్లో రెండు నిమిషాల్లో నిండింది. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా పెరుగుతూ తొమ్మిదో ఇంటికి మూడు నిమిషాలు. పదో ఇంట్లో ఒక్కసారిగా తొమ్మిది. ఆ కాగితం పట్టుకెళ్ళి చూపిస్తే ఏఈ రెండో మాట మాట్లాడలేదు. తొమ్మిదికీ పదికీ మధ్య తవ్విస్తే, పాత ఇనప పైపు లోపల తుప్పు పెరిగి బొటనవేలు దూరేంత సందు మిగిలింది. మూడేళ్ళ గొడవ ఒక్క పూటలో తేలిపోయింది. అంతకుముందు మేం ఇచ్చిన అర్జీలు ఏడు. ఒక్కదాంట్లోనూ ఇంటి నంబరు లేదు.

నీళ్ళ దగ్గరే ఇంకోటి. కుళాయి పైపు మురికి కాలవలోంచి ఎక్కడెక్కడ దాటుతోందో చూసి రాసిపెట్టుకో. నీళ్ళు వదిలినప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లున్నా బయటికే కారుతుంది. కట్టేశాక పైపు ఖాళీ అవుతూ అదే చిల్లులోంచి మురుగుని లోపలికి లాక్కుంటుంది. నీళ్ళు వదలగానే మొదట వచ్చే రెండు బిందెలు వాసనొస్తున్నాయంటే సంగతి అదే. వీధి చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చెయ్యమని అడుగు. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలుండాలి. అంకె చెప్పి అడిగితే పరీక్ష చేసే అతను కూడా కాస్త సర్దుకుని నిలబడతాడు.

ఇక కాలవల సంగతి. ఇది కొంచెం సిగ్గుపడుతూ చెప్పాలి. ఒక ఏడాది వానకి కింది వీధి ఇళ్ళల్లోకి మోకాలెత్తు నీళ్ళొచ్చాయి. పూడిక తియ్యడం లేదని నేను గట్టిగానే ఉత్తరం రాశాను. చివరికి మనుషుల్ని పంపారు. వాళ్ళ మేస్త్రీ పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని పైనుంచి పొడుచుకుంటూ వచ్చాడు. వెనకాల నేను, నా వెనకాల సంఘం పెద్దలు. ఒకచోట కర్ర దిగలేదు. వంగి చూశాడు, తల గీరుకున్నాడు. "ఏటండి మాస్టారూ, వీధంతా తిరిగాం గానీ అడ్డం మీ గుమ్మంలోనే ఉందండి" అన్నాడు. స్కూటర్ ఎక్కించడానికి నేను పోయించుకున్న ర్యాంపు! కాలవ మీద సిమెంటు పలక వేసినవాడు కింద రెండు ఇటకలు ఆనించి వదిలేశాడు, వాటికి గోనెసంచి చుట్టుకుని ఉంది. ఆ మధ్యాహ్నమే పగలగొట్టించాను. మీ పెద్దమ్మ నెలరోజులు చెక్క మీంచి దాటింది. అదయ్యాక మిగతా ఇళ్ళవాళ్ళని ఒప్పించడానికి నేను పెద్దగా మాట్లాడాల్సిన పనిలేకపోయింది. కాబట్టి కమిటీ సభ్యుల గుమ్మాలు ముందు చూడు, ఆ తర్వాతే అర్జీ. ఇంకోమాట, పూడిక తీసి గట్టున పొయ్యగానే పని అయిందనుకోకు. ట్రాక్టరు వచ్చి ఎత్తేదాకా వెంటపడు. ఒక్క వాన చాలు, అదంతా మళ్ళీ కాలవలోకే.

మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. మీరు కొండ కింద ఉన్నారు. పైన చదును చేసిన ప్లాట్ల ఎర్రమట్టంతా మీ గెడ్డలోకే, అదే మీ వాగులోకే, దిగుతుంది. పైన కొత్తగా ఎక్కడ తవ్వుతున్నారో వానలకి ముందే, మే నెలలో ఒకసారి ఎక్కి చూసి రండి.

ఏది ఎవరిదో తెలుసుకోవడం సగం పని. వీధిలైటు కార్పొరేషన్‌ది, స్తంభం, తీగలు కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌వి. లైటు ఆరిపోయిందని ఈపీడీసీఎల్‌కి చెప్తే నవ్వుతారు. స్తంభం నంబరు లేకుండా ఎవరికి చెప్పినా నవ్వుతారు. హైవే జాతీయ రహదారుల వాళ్ళది. మీ లేఅవుట్ వుడా రోజుల నాటిది, లేఅవుట్లు ఆమోదించే ఆ నగరాభివృద్ధి సంస్థే ఇప్పుడు వీఎంఆర్‌డీఏ. ఆమోదించిన లేఅవుట్ ప్లాన్ కాపీ తప్పకుండా సంపాదించు. స్థలంలో పదో వంతు పార్కు లాంటి ఉమ్మడి అవసరాలకి వదిలి ఉండాలి. ప్లాన్‌లో పార్కు అని ఉన్నచోట ఈరోజు ఏముందో టేపు పట్టి కొలువు. కొలిచినప్పుడు ఫొటోలో ఇద్దరు పెద్దవాళ్ళు ఉండేలా చూసుకో, ఒంటరిగా వెళ్ళకు.

రిజిస్ట్రేషన్ లేకపోతే చేయించండి. ఏడుగురుంటే చాలు, 2001 నాటి సొసైటీల చట్టం కింద అయిపోతుంది. బ్యాంకు ఖాతాకి రెండు సంతకాలు పెట్టించు. చందా లెక్క నెలనెలా గేటు దగ్గర అంటించు. దీని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఏ అర్జీ అయినా రెండు కాపీలు తీసుకెళ్ళు. ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకునే దాకా కౌంటర్ దగ్గరనుంచి కదలకు. నేను ఒక ఆఫీసులో "పెట్టేసి వెళ్ళండి, చూస్తాం" అంటే పెట్టేసి వచ్చాను, నెల తర్వాత వెళితే అలాంటి కాగితమే రాలేదన్నారు. ముప్పయ్యేళ్ళు స్టాంపులు కొట్టినవాణ్ణి నేనే అలా చేశానంటే చూడు! సోమవారం ఫిర్యాదుల వేదికకి వెళితే నంబరిస్తారు. ఒకప్పుడు స్పందన అనేవారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. ఆ నంబరు నోట్‌బుక్కులో ఎక్కాలి. పరిష్కారమైందని మెసేజ్ వచ్చిన రోజే వెళ్ళి చూడు, కాకపోతే ఆ రోజే మళ్ళీ రాయి. ముందు మాత్రం వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీనీ, ఎమినిటీస్ సెక్రటరీనీ కలిసి రా. చిన్న పనులు అక్కడే తెమిలిపోతాయి. కమిషనర్ దాకా ఎక్కితే అదే కాగితం కిందికి దిగి వాళ్ళ టేబుల్ మీదికే వస్తుంది, అప్పటికి వాళ్ళ మొహాలు మాడి ఉంటాయి.

సమాచార హక్కు చట్టం ఉంది, పది రూపాయలు కడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దాన్ని మాటిమాటికీ తియ్యకు. తీస్తే "రోడ్డు ఎందుకు వెయ్యలేదు" అని రాయకు, సంజాయిషీలు దాంట్లో రావు. ఎస్టిమేట్ కాపీ, కొలతలు రాసిన ఎం-బుక్ కాపీ, కాంట్రాక్టరు సొంత ఖర్చుతో రిపేరు చెయ్యాల్సిన గడువు ఎప్పటిదాకా, ఇలా కాగితాలు అడుగు. కొత్త రోడ్డు ఏడాదికే లేచిపోతే ఆ మూడో కాగితమే మీ ఆయుధం.

ఇంటిపన్ను ఏప్రిల్ నెలాఖరులోపు ఏడాదిదంతా కడితే అయిదు శాతం తగ్గుతుందని అందరికీ గుర్తుచెయ్యి. పన్ను కట్టొద్దని చెప్పే పెద్దమనిషి ప్రతి కాలనీలోనూ ఒకడుంటాడు. చెత్తకి 2021లో యూజర్ చార్జీలు పెట్టినప్పుడు మా దగ్గర అదే అయింది. 2024లో తీసేసేదాకా ప్రతి మీటింగూ దానిమీద తగువుతోనే ముగిసేది, కాలవలు అలాగే ఉండిపోయాయి. అభ్యంతరముంటే లెక్కలతో రాసి ఇవ్వండి, కట్టాల్సింది కట్టి మాట్లాడండి.

హుద్‌హుద్ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, 2014 అక్టోబర్ 12. ఆ రోజునుంచే కరెంటు లేదు, మోటార్లు లేవు. మూడోనాడు రాత్రి ట్యాంకర్ వస్తే బలమున్నవాళ్ళు డ్రమ్ములు నింపుకున్నారు. చివరింట్లో మంచం పట్టిన పెద్దాయనకి చెంబు నీళ్ళు దొరకలేదు. ఆ రాత్రే నోట్‌బుక్కు తీసి ఇంటింటికీ మనుషులెంతమంది, ముసలివాళ్ళెవరు, పసిపిల్లలెవరు అని రాసి చీటీలు పంచాం. చీటీకి రెండు బిందెలు. ఆ జాబితా ఇప్పటికీ ఏడాదికోసారి దిద్దుతున్నాం. నువ్వు తుఫాను కోసం ఆగకు.

రాజకీయం గురించి ఒక్కటే. ఎన్నికలప్పుడు కండువా వేసుకునే మనిషిని కమిటీలో ఉంచుకో, మైకు మాత్రం ఇవ్వకు.

ఆదివారం తెల్లారగట్ల మొదటి బస్సుకి వస్తున్నాను. ఆ వెదురుకర్ర ఇంకా నా దగ్గరే ఉంది, బస్సులో తేనిస్తే తెస్తాను. అయిదున్నరకల్లా లేచి ఉండు. పాత చెప్పులేసుకో, టేపూ టార్చీ మర్చిపోకు. మీ అధ్యక్షులవారిని కూడా లేపు, వాళ్ళ గుమ్మంతోనే మొదలెడదాం.

పెదనాన్న